సింగపూర్‌లో లైంగిక దాడి ఫిర్యాదు: పోలీసులు ఏం చూస్తారు, మనం ఏం దాస్తాం

"అక్కా, పోలీసుల దగ్గరికి వెళ్తే నమ్ముతారా?" మా బ్లాకు కింద, పిల్లల బడి దగ్గర, తెలుగు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికి రెండు మూడు సార్లయినా ఈ ప్రశ్న వస్తుంది. అడిగేవాళ్లు తమ సంగతి అని చెప్పరు. "మా ఫ్రెండ్‌కి తెలిసిన అమ్మాయి" అంటారు. ఒక్కోసారి నిజంగానే ఫ్రెండ్‌కి తెలిసిన అమ్మాయి అయ్యుంటుంది.

నేను లాయర్‌ని కాదు, పోలీసునీ కాదు. బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదివి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి, ఇల్లూ పిల్లలూ చూసుకుంటున్న మనిషిని. చదివిన సైన్సు వల్ల ఒక అలవాటు మిగిలింది, దేన్నయినా "ఎలా తేలుస్తారు?" అని అడగడం. ఈ విషయం మీద చట్టం, కోర్టు తీర్పులు, పరిశోధనలు కొంతకాలంగా చదువుతూ వచ్చాను. వాటిలోంచి మన కుటుంబాలకు పనికొచ్చేవి ఇక్కడ పెడుతున్నాను.

పైన అడిగిన ప్రశ్నలోనే కొంచెం తిరకాసు ఉంది. నమ్మడం, నమ్మకపోవడం పోలీసుల పని కాదు. సరిచూడటం వాళ్ల పని. చెప్పిన మాటల్లో బయటి ఆధారాలతో పోల్చి చూడగలిగినవి ఏవి ఉన్నాయో వెతుకుతారు. లిఫ్ట్ కెమెరా, గ్రాబ్ రసీదు, ఫోన్ కాల్ సమయం, ఈజీలింక్ కార్డు నొక్కిన స్టేషన్, ఆ రాత్రి ఎవరికి మెసేజ్ పెట్టారు, మర్నాడు ఎవరితో చెప్పుకున్నారు, ఇలాంటివన్నీ. సింగపూర్ లాంటి ఊళ్లో మనిషి కదలికలు చాలావరకు ఎక్కడో ఒకచోట నమోదవుతూనే ఉంటాయి. ఇది ఫిర్యాదు చేసే మనిషికి పెద్ద బలం, ఒక షరతు మీద. చెప్పింది ఆ నమోదులతో కలవాలి.

ఫిర్యాదు ఎక్కడికి పోతుంది

ఏ నైబర్‌హుడ్ పోలీస్ సెంటర్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ప్రమాదం ఇంకా పక్కనే ఉంటే 999. "ఇది మా పరిధి కాదు" అనే మాట ఇక్కడ వినపడదు. ఆ మాట మనకెందుకు గుర్తుంటుందో చెప్పనక్కర్లేదు. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ కేసులో, కూతురు కనపడటం లేదని వెళ్లిన కుటుంబాన్ని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి తిప్పారు. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పరిధి ఏదైనా ముందు కేసు రాసుకోవాలన్న జీరో ఎఫ్ఐఆర్ నియమం మన దగ్గర 2024 జులై 1 నుంచి నేరుగా చట్టంలోకే వచ్చింది.

మొదట మాట్లాడే అధికారి దగ్గర పూర్తి కథ చెప్పాల్సిన పని లేదు. ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఆరోగ్యం ఎలా ఉంది, వీటికి జవాబు చాలు. తర్వాత కేసు ప్రత్యేక శిక్షణ ఉన్న దర్యాప్తు అధికారికి వెళ్తుంది. అత్యాచారం లాంటి తీవ్రమైన కేసులను చాలా ఏళ్లపాటు సీఐడీలోని సీరియస్ సెక్సువల్ క్రైమ్ బ్రాంచ్ చూసింది. 2025లో సెక్సువల్ క్రైమ్ అండ్ ఫ్యామిలీ వయొలెన్స్ కమాండ్ అని విడిగా ఒక విభాగమే పెట్టారు. రైళ్లలో, బస్సుల్లో చేతులు వేసేవాళ్ల సంగతి చూడటానికి ట్రాన్స్‌కామ్ అని ఇంకో దళం ఉంది.

ఫిర్యాదు ఇచ్చిన క్షణం నుంచి బాధితురాలి పేరుగానీ, గుర్తుపట్టే వివరాలుగానీ బయటపెట్టడం నేరం. 2018లో వచ్చిన మార్పుల వల్ల దీనికి కోర్టు ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదు, దానంతట అదే అమల్లోకి వస్తుంది. పత్రికలకే కాదు, వాట్సాప్ గ్రూపులకూ వర్తిస్తుంది. మన సంఘం చిన్నది. "ఫలానా వాళ్ల అమ్మాయట" అని టైపు చేసే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మన ఊళ్లో అందరికీ నోటికొచ్చిన 354, 375 అనే సెక్షన్ నంబర్లు ఇక్కడ కూడా అవే. రెండు చట్టాలకూ మూలం బ్రిటిష్ వాళ్లు 1860లో రాసిన ఇండియన్ పీనల్ కోడ్. మన దేశం 2024లో నంబర్లు మార్చుకుంది, ఇక్కడ అవి ఇంకా బతికే ఉన్నాయి. 354 అంటే ఇక్కడి వాళ్లు మామూలుగా మోలెస్ట్ అనేది. దానికి జైలు శిక్ష 2022 మార్చి నుంచి మూడేళ్ల దాకా పెంచారు. రహస్యంగా వీడియో తీయడం 2020 జనవరి నుంచి విడి నేరం. అత్యాచారానికి ఇరవయ్యేళ్ల దాకా జైలు.

శరీరం చెప్పేది, చెప్పనిది

దాడి జరిగి ఎక్కువ సమయం కాకపోతే వైద్య పరీక్షకు తీసుకెళ్తారు. ఇదివరకు ప్రభుత్వ ఆసుపత్రిలో అందరి మధ్యా కూర్చోవాల్సి వచ్చేది. 2017 నుంచి పోలీస్ కంటోన్మెంట్ కాంప్లెక్స్‌లోనే వన్‌సేఫ్ అనే కేంద్రం నడుస్తోంది. డాక్టరే అక్కడికి వస్తారు. సాధారణంగా 72 గంటల లోపు వెళ్తే నమూనాలు దొరికే అవకాశం బాగా ఉంటుంది, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. స్నానం చేయొద్దు, బట్టలు ఉతకొద్దు అనేది అందుకే. మన ఆడవాళ్లకు ఇదే కష్టం. మొదట చేయాలనిపించేది తలస్నానమే. చేసేసినా సరే, వెళ్లండి. బట్టలను ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితం సంచిలో పెట్టండి. ప్లాస్టిక్‌లో తేమ నిలిచి, బాక్టీరియా పెరిగి డీఎన్ఏను పాడుచేస్తుంది. తాగే దాంట్లో ఏదో కలిపారన్న అనుమానం ఉంటే ఇంకా త్వరపడాలి. కొన్ని మందులు మూత్రంలో పన్నెండు గంటలకు మించి కనపడవు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు మొదలుపెట్టడానికి కూడా గడువు 72 గంటలే.

ఇక్కడ డీఎన్ఏ పరీక్షలు చేసేది హెల్త్ సైన్సెస్ అథారిటీ ప్రయోగశాల. మన దేశంలో ఈ విద్యకు పునాది వేసింది హైదరాబాద్ సీసీఎంబీ, లాల్జీ సింగ్. డిగ్రీ రోజుల్లో ఆయన పేరు వింటేనే మాకు ఒళ్లు పులకరించేది. కానీ డీఎన్ఏ దేన్ని తేల్చగలదో, దేన్ని తేల్చలేదో స్పష్టంగా తెలియాలి. ఆ మనిషి అక్కడ ఉన్నాడని అది చెప్పగలదు. ఆమె ఒప్పుకుందా లేదా అనేది చెప్పలేదు. ఫిర్యాదుల్లో చాలావరకు తెలిసినవాళ్ల మీదే వస్తాయి, అతను "అవును, ఆమె ఇష్టంతోనే" అంటాడు. అప్పుడు డీఎన్ఏ రిపోర్టు ఉన్నా కేసు మొదటికే వస్తుంది.

గాయాల సంగతీ అంతే. "గాయాలు లేవు కాబట్టి ఏం జరగలేదు" అనేది శాస్త్రం కాదు. అమెరికాలో నాన్సీ కెలాగ్ అనే పిల్లల డాక్టరు బృందం 2004లో, గర్భవతులైన 36 మంది టీనేజీ అమ్మాయిల పరీక్షా ఫలితాలను పరిశీలించింది. కలయిక జరిగిందనడానికి అక్కడ సందేహమే లేదు. అయినా శరీరం మీద ఖచ్చితమైన గుర్తు కనపడింది ఇద్దరిలోనే. మన దేశంలో రెండువేళ్ల పరీక్ష అని ఒక దరిద్రం ఏళ్ల తరబడి నడిచింది. సుప్రీంకోర్టు 2013లో తప్పన్నది, 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది. దాని వెనక శాస్త్రం ఎప్పుడూ లేదు.

"అరవలేదేం, పెనుగులాడలేదేం" అనే ప్రశ్నకూ జవాబుంది. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల క్లినిక్‌కి వచ్చిన 298 మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. దాడి జరుగుతున్నప్పుడు ఒళ్లు కొయ్యబారిపోయి కదల్లేకపోయామని నూటికి 70 మంది చెప్పారు. పిల్లి నోట పడిన బల్లి బిగుసుకుపోయినట్టు, అది మనసు తీసుకునే నిర్ణయం కాదు.

ముఖం చూసి తేల్చడం

ఏడవలేదు, నవ్వింది, చాలా మామూలుగా చెప్పింది, కాబట్టి అబద్ధం. మనం ఇరుగుపొరుగు విషయాల్లో చేసే తీర్పులు ఇవే. ముఖం చూసి అబద్ధం పట్టగలమన్న నమ్మకం మనిషికి ఎక్కువ, సామర్థ్యం తక్కువ. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు 2006లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కవేశారు. ఇరవై నాలుగు వేల మందికి పైగా పాల్గొన్న ప్రయోగాలవి. నిజమో అబద్ధమో సరిగ్గా చెప్పింది సగటున నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. అందులో వృత్తిరీత్యా ఇదే పని చేసేవాళ్లూ మిగతా వాళ్లకంటే మెరుగ్గా లేరు.

దీని ఫలితం ఏమవుతుందో చూపే కేసు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, లిన్‌వుడ్‌లో జరిగింది. నెట్‌ఫ్లిక్స్‌లో అన్‌బిలీవబుల్ చూసినవాళ్లకు తెలిసే ఉంటుంది. 2008 ఆగస్టులో పద్దెనిమిదేళ్ల అమ్మాయి, ఒకడు కత్తితో ఇంట్లోకి వచ్చి అత్యాచారం చేశాడని చెప్పింది. ఆమెను పెంచినవాళ్లకే అనుమానం వచ్చింది, అంత నిబ్బరంగా ఎలా చెబుతోందని. పోలీసులు ఆమెతో పదే పదే చెప్పించారు. కట్లు ముందు విప్పుకుందా, ఫోన్ ముందు చేసిందా అన్న దగ్గర మాట తేడా వచ్చింది. ఒత్తిడి తట్టుకోలేక "నేనే కల్పించాను" అనేసింది. తప్పుడు ఫిర్యాదు కింద ఆమె మీదే కేసు పెట్టారు, 500 డాలర్లు కట్టింది. 2011లో కొలరాడోలో మార్క్ ఓలియరీ అనేవాడు పట్టుబడ్డాడు. వాడి దగ్గర ఆ అమ్మాయి ఫొటోలు దొరికాయి. మధ్యలో వాడు ఇంకా కొందరి మీద దాడి చేశాడు. ఆ పోలీసులు దుర్మార్గులు కారు. సరిచూడాల్సిన పని మానేసి, ముఖం చూసి తేల్చారు. అంతే.

మనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో రమీజాబీ మీద పోలీసులే అత్యాచారం చేశారు, అడ్డుపడిన భర్తను కొట్టి చంపారు. ఆ తర్వాత ఆమె చెప్పిన సంఘటన సంగతి వదిలేసి, ఆమె ఎలాంటిది, ఎన్ని పెళ్లిళ్లు చేసుకుంది అన్నదే విచారణలో సాగదీశారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పన్నా, రాయచూరు కోర్టులో 1981లో అందరూ బయటపడ్డారు. మన అమ్మల తరానికి పోలీస్ స్టేషన్ అంటే ఉన్న భయం ఊరికే వచ్చింది కాదు. సింగపూర్‌కి వచ్చినా అది మనతోనే వచ్చింది.

ఆమె గుణం మంచిది కాదని చూపి మాటను కొట్టేసే వీలు 1872 నాటి ఎవిడెన్స్ చట్టంలోనే ఉండేది. రెండు దేశాలదీ మళ్లీ అదే పూర్వీకుడు. మన దేశం 2003లో ఆ నియమాన్ని తీసేసింది, సింగపూర్ 2012లో. 2018 తర్వాత ఇక్కడ ఆమె పాత సంబంధాల గురించి కోర్టులో అడగాలంటే జడ్జి అనుమతి ఉండాలి.

మాట, మాటతో కలవాలి

గాయం లేకపోయినా, సాక్షి లేకపోయినా శిక్ష వేయొచ్చా? వేయొచ్చు. కాకపోతే ఆమె మాట ఒక్కటే ఆధారమైనప్పుడు అది మామూలు కంటే గట్టిగా, అసాధారణంగా నమ్మదగినట్టు ఉండాలని సింగపూర్ కోర్టులు చాలా ఏళ్లుగా చెబుతున్నాయి. ఆమె ఒకచోట చెప్పింది ఇంకోచోట చెప్పిందానితో కలుస్తోందా, బయటి ఆధారాలతో కలుస్తోందా అన్నది గీటురాయి. కోర్టులో నిలవాల్సింది ఇదని తెలుసు కాబట్టి దర్యాప్తు అధికారి మొదటి రోజు నుంచీ ఇదే చూస్తాడు. ఒకే ప్రశ్న మూడు రకాలుగా అడుగుతాడు. వినేవాళ్లకు "నన్ను అనుమానిస్తున్నాడు" అనిపిస్తుంది. రేపు అవతలి లాయరు అడిగేది ఇవాళ ఈయన అడుగుతున్నాడు.

మన ఇళ్లలో జరిగే ఒక పని ఇక్కడే కేసును దెబ్బతీస్తుంది. స్టేషన్‌కి వెళ్లే ముందు కథను శుభ్రం చేస్తాం. "నువ్వే వాడి రూముకి వెళ్లావని చెప్పకు." "వైను తాగావని అనకు." "ముందు నుంచీ పరిచయమని చెప్తే ఇంకేముంది." అమ్మానాన్నలు ప్రేమతోనే చెబుతారు. అక్కడి నుంచి మొదలు. చాట్లు తుడిచేస్తారు. మూడు రోజుల్లో అతని ఫోన్లో ఆ చాట్లన్నీ పోలీసులకు దొరుకుతాయి. రూముకి వెళ్లడం నేరం కాదు, తాగడం నేరం కాదు, పరిచయం అంగీకారం కాదు. అవి చెప్పి ఉంటే ఆమె మాటకు ఏ నష్టమూ లేదు. దాచడం వల్ల, దాచిన విషయం ఒకటి, మిగతాదంతా కూడా ఇలాగే దాచిందేమో అన్న అనుమానం ఒకటి, రెండూ మీద పడతాయి. మర్నాడు అతనికి "హాయ్" అని మెసేజ్ పెట్టి ఉన్నా సరే, అదీ చెప్పాలి. దాడి చేసినవాడితో తర్వాత మామూలుగా మాట్లాడటం చాలా కేసుల్లో కనపడేదే. గుర్తులేకపోతే "గుర్తులేదు" అనాలి. ఖాళీలను ఊహతో నింపకూడదు.

ఇంకొక చిక్కు మన భాషది. వాంగ్మూలం రాసేది ఇంగ్లీషులో. ఇంగ్లీషు రానివాళ్లకు దుబాసీని పెట్టాలి, రాసింది చదివి వినిపించాలి, దిద్దుకోనివ్వాలి, ఆ తర్వాతే సంతకం. అయితే ఇంగ్లీషు కొంచెం వచ్చినవాళ్లం "పర్లేదు" అని మొహమాటపడి దుబాసీ వద్దంటాం. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఏమవుతుందో చూడండి. "బలవంతం చేశాడు" అంటాం. భోజనానికి కూర్చోబెట్టి ఇంకో గరిటె వేసుకోమని చేసేదీ బలవంతమే. ఇంగ్లీషులో అది అడగడమో బతిమాలడమో అయిపోతే కేసు స్వరూపమే మారిపోతుంది. "నేను ఊరుకున్నాను" అంటే మాట పడిపోయిందని మన అర్థం. ఒప్పుకున్నట్టు, అనుమతించినట్టు రాసుకోవచ్చు. "చెయ్యి వేశాడు", "తప్పుగా ప్రవర్తించాడు", "ఏదో చేశాడు" అంటే ఏ సెక్షనూ పట్టదు. శరీరంలో ఎక్కడ, దేనితో, బట్టల మీదా లోపలా అని చెప్పాలి. నోరు రాదు, నిజమే. కాగితం మీద బొమ్మ గీసి చూపించొచ్చు, బొమ్మ మీద వేలు పెట్టి చెప్పొచ్చు.

సమయాలూ అంతే. "ఆదివారం రాత్రి రెండింటికి" అంటాం. గడియారం ప్రకారం అది సోమవారం. కెమెరా మీద సోమవారమని ఉంటుంది, వాంగ్మూలంలో ఆదివారమని ఉంటుంది. "మొన్న" అంటే కచ్చితంగా నిన్నటి ముందురోజా, ఈ మధ్యా? నాన్న స్నేహితుణ్ణి "బాబాయి" అంటాం, ఫ్లాట్‌మేట్‌ని "అన్నయ్య" అంటాం. రక్తసంబంధం ఉందని రాసుకుంటే దర్యాప్తు వేరే దారి పడుతుంది, చట్టం కూడా మారొచ్చు. ఇవన్నీ అబద్ధాలు కావు, మన వాడుక. సంతకం పెట్టే ముందు ఒక్కో వాక్యం చదివి "ఇది నేను చెప్పింది కాదు" అని దిద్దించుకునే హక్కు మీకుంది. పొద్దుపోయిందని తొందరపడొద్దు.

తేలకపోవడం వేరు, అబద్ధం వేరు

"నిరూపించలేకపోతే నన్నే లోపల వేస్తారా?" ఇది తర్వాత వచ్చే ప్రశ్న. తప్పుడు సమాచారం ఇవ్వడం సెక్షన్ 182 కింద నేరమే. కాకపోతే అబద్ధమని తెలిసీ చెప్పినప్పుడే అది వర్తిస్తుంది. ఆధారాలు చాలక కేసు ఆగిపోతే ఫిర్యాదు అబద్ధమైనట్టు కాదు.

తప్పుడు ఫిర్యాదులు అసలే ఉండవని నేను అనను. బ్రిటిష్ హోం శాఖ కోసం 2005లో చేసిన అధ్యయనంలో 2,643 కేసులు చూస్తే, పోలీసులు అబద్ధమని రాసుకున్నవి 8 శాతం. పోలీసు నిబంధనలే కచ్చితంగా వర్తింపజేస్తే అది 3 శాతానికి దిగింది. అమెరికాలో ఒక యూనివర్సిటీలో పదేళ్లలో వచ్చిన 136 ఫిర్యాదుల్లో అబద్ధమని తేలినవి 8. తక్కువే, సున్నా కాదు. ఆరోపణ ఎదుర్కొన్న కుర్రాడు కూడా ఎవరో ఒకరి కొడుకు. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థినిపై అత్యాచారం, హత్య జరిగితే, సత్యంబాబు అనే పేద యువకుడు ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉండి 2017లో హైకోర్టులో నిర్దోషిగా బయటికొచ్చాడు. దర్యాప్తు ఎవరినో ఒకరిని చూపించాలన్న తొందరలో పడితే బాధితురాలికీ న్యాయం జరగదు. ఇక్కడ కూడా 2016 జనవరిలో మోలెస్ట్ ఆరోపణ మీద పోలీసులు ప్రశ్నించిన పద్నాలుగేళ్ల పిల్లాడు అదే రోజు చనిపోయాడు. ఆ తర్వాతే, 2017 నుంచి, చిన్నవయసు అనుమానితులను ప్రశ్నించేటప్పుడు పక్కన స్వతంత్రుడైన ఒక పెద్దమనిషి ఉండే పద్ధతి పెట్టారు. బాధితులు పిల్లలైతే 2019 నుంచి పోలీసులు, పిల్లల సంరక్షణ అధికారులు కలిసి ఒకేసారి మాట్లాడే ఏర్పాటు ఉంది, పదిమందికి పదిసార్లు చెప్పక్కర్లేకుండా.

పోలీసులు దర్యాప్తు చేస్తారు, కేసు పెట్టాలా వద్దా అనేది చివరికి అటార్నీ జనరల్ చాంబర్స్ చేతిలో ఉంటుంది. నేరం జరిగిందని తేలినా కోర్టుకు వెళ్లకపోవచ్చు. 2018 నవంబర్‌లో ఎన్‌యూఎస్ హాస్టల్లో స్నానం చేస్తున్న విద్యార్థినిని ఒకడు ఫోన్‌లో వీడియో తీశాడు. కెమెరాల వల్ల దొరికాడు కూడా. పన్నెండు నెలల షరతుల హెచ్చరికతో వదిలేశారు. 2019 ఏప్రిల్‌లో ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో బయటపెట్టాక ఊరంతా అడిగింది. అతని వయసు, మళ్లీ చేసే అవకాశం, పశ్చాత్తాపం చూశామని పోలీసులు వివరణ ఇచ్చారు. నా మటుకు ఆ వివరణలో ఆమె ఎక్కడా కనపడలేదు. ఆ ఏడాదే యూనివర్సిటీ శిక్షలు పెంచింది, బాధితుల కోసం విడిగా ఒక విభాగం పెట్టింది. చదువుకోవడానికి పిల్లల్ని ఇక్కడికి పంపుతున్న తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి. ఫిర్యాదు ఇచ్చి ఊరుకోకుండా దర్యాప్తు అధికారి పేరు, రిపోర్టు నంబరు రాసుకుని, ఏమైందని అడుగుతూ ఉండొచ్చు.

ఆలస్యమైపోయిందే అనుకునేవాళ్లకు: ఇక్కడ నేరాలకు కాలపరిమితి లేదు. పదేళ్ల కింద జరిగినా ఫిర్యాదు తీసుకుంటారు. ఎందుకు ఆలస్యమైందని అడుగుతారు. "అమ్మకు చెప్తే వద్దంది", "పరువు పోతుందని", "వీసా అతని మీద ఉందని" అన్నవన్నీ కారణాలే, చెప్పడానికి సిగ్గుపడేవి కావు. అప్పట్లో ఎవరికైనా చెప్పుకున్న మెసేజ్ గానీ, డైరీ గానీ, డాక్టరు చీటీ గానీ ఉంటే తీసుకెళ్లండి.

వీసా మాట వచ్చింది కాబట్టి, డిపెండెంట్ పాస్ మీద ఉన్న ఆడవాళ్లకు ఒక విషయం. 2020 జనవరి 1 నుంచి సింగపూర్‌లో భర్త చేసినా అత్యాచారం అత్యాచారమే, పూర్తి మినహాయింపు తీసేశారు. మన దేశపు కొత్త చట్టంలో భర్తకు ఆ మినహాయింపు ఇంకా ఉంది. అక్కడ పెళ్లయినా నేరం ఇక్కడ జరిగితే ఇక్కడి చట్టమే. పాస్ భర్త ఉద్యోగం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి భయం సహజం. ఫిర్యాదుకు ముందే ఎవరితోనైనా మాట్లాడి దారి తెలుసుకోవాలంటే జాతీయ హింసా నిరోధక హెల్ప్‌లైన్ 1800-777-0000 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. అవేర్ సంస్థ నడిపే సెక్సువల్ అసాల్ట్ కేర్ సెంటర్ వాళ్లు పోలీసు రిపోర్టు ఇచ్చినా ఇవ్వకపోయినా సాయం చేస్తారు, కావాలంటే స్టేషన్ దాకా తోడు వస్తారు. ఫోన్ చేసేటప్పుడు పాస్‌పోర్టు, పాస్ కార్డు ఎక్కడున్నాయో ముందు చూసుకుని, వాటి ఫొటోలు మీ ఈమెయిల్‌కి పంపుకోండి. చాలా ఇళ్లలో అవి ఆయన బీరువాలోనే ఉంటాయి.